బేతాళుడు అడుగని ప్రశ్న

బాల్యమున జదివిన పుస్తకములను నడివయసున మరల చేతబట్టువారు సాధారణముగా రెండు విధముల మాటలు చెప్పుదురు. ఆనాటి రుచి యిప్పుడు లేదని కొందఱందురు. ఆనాటి మాధుర్యము నేటి పుస్తకముల కెక్కడిదని మఱికొందఱందురు. రెండు మాటలును రుచిని గూర్చినవే. పుస్తకములోని యక్షరము మాఱలేదు, చదువరి మాఱినాడు. కావున రుచి మాఱుట వింతగాదు. మేమిక్కడ విచారింపదలచినది రుచిని గాదు, ధర్మమును. చిన్ననాడు మనకు న్యాయాన్యాయములను నేర్పిన కథయే పెద్దయిన పిమ్మట మనకు అన్యాయముగ గనబడినచో మనము చేయవలసిన దేమి? ఆ కథను మన పిల్లల చేతికీయవచ్చునా? ఇచ్చినచో నెట్లు ఈయవలెను? పుస్తకములు గల ప్రతి యింటను ఈ ప్రశ్న నేడో రేపో పుట్టక మానదు.

ఉదాహరణమునకై దూరము పోనక్కఱలేదు. బేతాళకథలు తెలియని తెలుగిల్లు అరుదు. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డిగారలు చెన్నపట్టణమున 'చందమామ' మాసపత్రికను ప్రారంభించిరి. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో తాము మరణించువఱకు ఆ పత్రికలో నుండి కథలను తీర్చిదిద్దిరి. అందు బేతాళకథలు దశాబ్దములపాటు నెలనెల వెలువడెను. మూలమున నున్నవి 25 కథలే గనుక, అవి చాలక క్రొత్తవానిని కల్పించుచు పోయిరి. భుజముపై శవము, చేత కత్తి, చుట్టును శ్మశానము; శంకరుగారు వ్రాసిన ఆ బొమ్మను చూచినవాడు జీవితములో మఱవడు. పూనిన పనిని విడువని వానిని పట్టువదలని విక్రమార్కుడనుట మన నుడికారమైనది. ఆ పత్రిక యిప్పుడు వెలువడుటలేదు. కాని పాతసంచికలు అట్టలు కట్టబడి యిండ్లలో నున్నవి, కంప్యూటరులందును దొఱకుచున్నవి. తాతలైనవారు వానిని మరల చదువుచున్నారు. మనుమలకు చదివి వినిపించుచున్నారు.

ఈ కథలు కాశ్మీరదేశపు సోమదేవుడు 11వ శతాబ్దమున సంస్కృతమున రచించిన కథాసరిత్సాగరములో చేరియున్నవి. ఆ గ్రంథమును అనంతరాజు రాణియైన సూర్యమతి మనోవినోదమునకై సోమదేవుడు కూర్చెను. మనము విక్రమార్కుడనువాని పేరు అందు త్రివిక్రమసేనుడు. అతని పురము గోదావరి యొడ్డున నున్న ప్రతిష్ఠానము, అనగా నేటి మహారాష్ట్రములోని పైఠణు. క్షాంతిశీలుడను భిక్షువు ఆ రాజునకు దినదినమును ఒక్కొక్క ఫలమును సమర్పించుచు వచ్చెను. ఫలములలో రత్నములు దాగియుండెను. అందులకు మాఱుగా, కృష్ణచతుర్దశి రాత్రి శ్మశానమునకు వచ్చి, శింశుపావృక్షమున వ్రేలాడు శవమును మోసికొని రమ్మని అతడు రాజును కోరెను. ఆ శవమున బేతాళుడు ఆవేశించియున్నాడు. త్రోవలో కథ చెప్పును. తుద నొక ప్రశ్న వేయును. సమాధానము తెలిసియు పలుకకున్న రాజు తల పగులును. పలికినచో మౌనము భంగమై శవము మరల చెట్టునకు చేరును.

పసివాని కీ కథలవలన గలుగు మేలు సామాన్యము గాదు. చీకటికి వెఱవని గుండె యున్నదని తెలియును. ఇచ్చిన మాటకై యెన్నిమాఱులైనను వెనుకకు మరలవచ్చునని తెలియును. కత్తితో గాక బుద్ధితో గెలువవలసిన చిక్కులు గలవని తెలియును. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి ప్రశ్నకును సమాధాన మొకటి యున్నదను ధైర్యము గలుగును. లోక మింకను అర్థముకాని వయసున ఈ ధైర్యము ఊతకోల వంటిది. ఊతకోలను పరిహసింప బనిలేదు. కాని నడక వచ్చిన పిమ్మటను దానిని విడువనివాడు పరుగెత్తలేడు. పెద్దవాడు ఈ కథలను మరల చదువునపుడు చూడవలసినది రాజు సమాధానము సరియా కాదా యనుట మాత్రమే గాదు. బేతాళుడు అడిగిన ప్రశ్న సరియైనదేనా యనుట.

మందారవతి కథను చూతము. యమునాతీరమున నొక యగ్రహారములో అగ్నిస్వామి యను విప్రుని కుమార్తె మందారవతి. కన్యాకుబ్జమునుండి ముగ్గురు బ్రాహ్మణ యువకులు వచ్చి ఆమెను కోరిరి. ఒకని కిచ్చిన తక్కిన యిద్దఱు ప్రాణములు విడుతురను భయమున తండ్రి యెవ్వరికిని ఈయలేదు. అంతలో ఆమె జ్వరముతో మరణించెను. ఒకడు ఆమె చితాభస్మముపై పరుండి భిక్షాన్నముతో బ్రదికెను. రెండవవాడు అస్థికలను గంగకు గొనిపోయెను. మూడవవాడు దేశాటనము చేసి, మృతులను బ్రదికించు మంత్రము గల పుస్తకమును సంపాదించి తెచ్చెను. మంత్రమహిమచే మందారవతి లేచి కూర్చుండెను. వెంటనే ముగ్గురును నాదన నాదని కలహించిరి. ఈమె యెవని భార్య కావలెనని బేతాళుడడిగెను. ప్రాణమిచ్చినవాడు తండ్రితో సమానుడు. అస్థికలను గంగలో గలిపినవాడు పుత్రునితో సమానుడు. బూడిదతో శయనించినవాడే భర్త యని రాజు తీర్పు చెప్పెను.

తీర్పులోని చమత్కారము కాదనరానిది. చిన్నవారు చప్పట్లు కొట్టుదురు. కాని కూతురు గల తండ్రి ఈ కథను చదువునప్పుడు మఱియొక సంగతి కంటబడును. మందారవతి యిప్పుడు సజీవయై యెదుట గూర్చుండియున్నది. ఆమెకు నోరున్నది. ముగ్గురు యువకులు కలహించుచున్నారు, బేతాళుడు ప్రశ్నించుచున్నాడు, రాజు విచారించుచున్నాడు; అమ్మాయీ, నీ యభిప్రాయమేమి యని ఒక్కరును అడుగలేదు. ఆమె భస్మముగా నున్నప్పుడును ఆమెనుగూర్చి యితరులే నిర్ణయించిరి. ప్రాణము వచ్చిన పిదపను ఇతరులే నిర్ణయించుచున్నారు. ఆమెవిషయమున చావునకును బ్రదుకునకును గల భేద మేమి?

వీరవరుని కథ మఱియొక విధమైనది. శోభావతీనగరపు రాజు శూద్రకుని కొలువున వీరవరుడు దినమునకు 500 దీనారముల జీతమునకు చేరెను. రాజు మూడు దినములలో మరణించునని, వీరవరుని కుమారుడు సత్త్వవరుని చండికి బలియిచ్చిన రాజు బ్రదుకునని తెలిసెను. బాలుడు సంతోషముతో నొప్పుకొనెను. తండ్రి కుమారుని తల ఖండించెను. చెల్లెలు దుఃఖముచే గుండె పగిలి చచ్చెను. తల్లి చితి యెక్కెను. తుదకు వీరవరుడు తన తలను తానే నఱకికొనెను. చాటుననుండి యిదియంతయు చూచిన రాజు తానును ప్రాణము విడువబోగా దేవి ప్రసన్నయై అందఱిని బ్రదికించెను. వీరిలో గొప్పవారెవరన్న ప్రశ్నకు, శూద్రకుడే యని విక్రమార్కుడు పలికెను. ఏలికకై ప్రాణమిచ్చుట సేవకునికి ధర్మమేయట. సేవకునికై ప్రాణమీయబూనిన రాజే యపూర్వుడట.

తీర్పరి యెవరో చూడుడు. రాజులలో నెవరు గొప్పయని గాదు, మనుష్యులలో నెవరు గొప్పయని అడుగగా, రాజు రాజునే మెచ్చినాడు! నలుగురు చచ్చిరి, ఒక్కడు చావబోయెను, కిరీటము చావబోయినవానికి దక్కెను. ఇదియొక లోపము. దీనికన్న పెద్దవాని మనస్సును కలచునది బాలుని సమ్మతి. కథలో సత్త్వవరుడు నవ్వుమొగముతో తల యొగ్గినాడు. కాని అడిగినవాడు కన్నతండ్రి. అడుగబడినవాడు తండ్రిమాటను జవదాటరాదని పెంపబడిన పసివాడు. అట్టిచోట సమ్మతి యనుమాటకు అర్థమేమి? పెద్దల కోరికను తన కోరికగా పలుకు బిడ్డలు పురాణకథలలోనే గాదు, మన వీధిలోను గలరు. కులగౌరవమునకై చదువు మానినవారు, అన్న చదువునకై తన చదువును త్యాగముచేసి నవ్వుచున్న చెల్లెండ్రు, తండ్రి కోరిన వృత్తిని తన యభిలాష యని చెప్పుకొను కుమారులు, వీరందఱును సంతోషముతో నొప్పుకొన్నవారే. పెద్దవారు ఆ సంతోషమును సాక్ష్యముగా జూపి తమ మనస్సును శాంతపఱచుకొందురు.

తలలు మాఱిన కథయు నిట్టిదే. సోమదేవుని పాఠమున ధవళుడను రజకయువకుడును, అతని భార్య మదనసుందరి సోదరుడును దేవి యెదుట తలలు నఱకికొందురు. దేవి వరమిచ్చి తలల నతికింపు మనగా, మదనసుందరి తొందరలో నొకని తలను మఱియొకని మొండెమున జేర్చును. భర్త యెవరని ప్రశ్న. శిరస్సు ప్రధానాంగము గనుక భర్త తలగలవాడే భర్త యని సమాధానము. ఈ కథ అంతటితో ముగియలేదు. జర్మను రచయిత టామస్ మాన్ 1940లో దీనిని నవలికగా మలచెను. కన్నడమున గిరీశ్ కర్నాడుగారు 1971లో 'హయవదన' మను నాటకముగా వ్రాసిరి. వీరిద్దఱును కథను దాచలేదు, దులిపి శుభ్రపఱచలేదు. బేతాళుడు విడిచిన చోటనుండి మొదలిడిరి. ఆ స్త్రీ మనస్సున నేమున్నది, తలలు మాఱుట తడబాటా కోరికయా, తీర్పు చెప్పిన మఱునాడు ఆమె బ్రదుకెట్టిది యని అడిగిరి. చిన్ననాటి కథను పెద్దవాడు చదువవలసిన తీరునకు ఇంతకన్న మంచి యుదాహరణము మాకు గనబడలేదు.

ఇక మన యిండ్ల సంగతి. సంస్కారము గోరు కుటుంబములలో ఈ విషయమున మూడు పక్షములు గలవు. పూర్వుల కథలలో తప్పెన్నరాదు, ఉన్నవి యున్నట్లే చదువవలెననుట మొదటి పక్షము. ఆడుబిడ్డను పందెపు వస్తువుగా జూపు కథలు ఇంట నుండనే కూడదనుట రెండవ పక్షము. కథల నుంచుకొని చెడును దిద్దవలెననుట మూడవది. మూడవ పక్షమువారు ఇతరదేశములందును గలరు. ఇంగ్లండున రోల్డ్ డాల్ వ్రాసిన బాలల పుస్తకములలో ననేక పదములను 2023లో ప్రకాశకులు మార్చిరి. వాగ్వాదము చెలరేగగా, పాత పాఠమును గూడ వేఱుగా ముద్రింతుమని ప్రకటించిరి.

మొదటి పక్షమునకు బేతాళుడే సమాధానము చెప్పుచున్నాడు. తెలిసియు పలుకకున్న తల పగులునని గదా నియమము! అన్యాయము కంటబడిన పిదపను పెద్దలు చెప్పిరను నెపమున నోరు మూసికొనుట భక్తి గాదు. ఈ కథలు శాసనములు గావు. ప్రతి కథయు నాగి ప్రశ్నించుచున్నది. ప్రశ్నించు గ్రంథమును ప్రశ్నింపరాదనుట ఆ గ్రంథమునకే అవమానము. మఱియు సరియైన సమాధానము చెప్పినప్పుడెల్ల రాజు పని చెడి శవము చెట్టెక్కుచున్నది. పలికినందులకు నష్టము గలదని తెలిసియే అతడు పలుకుచున్నాడు. ఇందలి నీతి పాతదగునా?

రెండవ పక్షమువారి భయము నిజమైనది. దానిని తేలికగ ద్రోసివేయరాదు. పదేండ్ల బాలిక మందారవతి కథను ఒంటరిగ జదివినచో, ఆడుది గెలిచినవానికి దక్కు సొమ్మను భావము తెలియకయే మనస్సున నాటుకొనవచ్చును. విషమని చీటీ యంటింపని సీసా యది. కాని పుస్తకమును దాచినంత మాత్రమున భావము దాగదు. పెండ్లిమాటలలో, పేరంటములలో, చలనచిత్రములలో, పొరుగింటి ముచ్చటలలో ఆ భావమే ఆ బాలికకు ఎదురగును. అప్పుడు దానిని గుర్తుపట్టి పేరుపెట్టు నేర్పు ఆమెకుండదు. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరులో వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. 1897లో గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కము'ను ముద్రించిరి. ఆ తరమువారు పెరిగినది పాతకథల నడుమనే గాని క్రొత్తకథల నడుమ గాదు. వినిన కథలను మరల తూచి చూచిరి గనుకనే సంస్కర్తలైరి.

మూడవ పక్షము మిక్కిలి ఆకర్షకమైనది. మందారవతి తన వరుని తానే యేఱుకొనెనని ఒక్క వాక్యము చేర్చిన చాలునుగదా యని తోచును. కాని యట్లు దిద్దిన కథను చదివిన బిడ్డకు, ఆడుదాని నెవ్వరును అడుగని కాలమొకటి యుండెనని తెలియదు. రోగమే లేకుండెనని నమ్మినవానికి మందు విలువ యెట్లు తెలియును? మన ముత్తవ్వలు పడిన బాధయు, దానిని తొలగింప బాటుపడినవారి శ్రమయు, ఆ యొక్క వాక్యముతో తుడిచిపెట్టినట్లగును. క్రొత్తకథ వ్రాయువాడు కర్నాడుగారివలె తన పేరుతో వ్రాయుట న్యాయము. పాతకథ నోట క్రొత్తమాట కుక్కుట న్యాయము గాదు.

అట్లయిన మార్గమేమి? అది యీ కథల చివరనే యున్నదని మా యభిప్రాయము. 24వ కథలో రాజు మౌనము వహించెను. ధర్ముడను దక్షిణాపథపు రాజు దాయాదులచే రాజ్యము గోల్పోయి, భార్య చంద్రవతితోను కుమార్తె లావణ్యవతితోను అడవిబట్టి పోవుచు భిల్లులచే హతుడయ్యెను. తల్లియు కూతురును అడవిలో పరుగెత్తిరి. చండసింహుడను ఒక ప్రభువును అతని కుమారుడును వేటకు వచ్చి, త్రోవలో స్త్రీల యడుగుజాడలు చూచి, పెద్దపాదములు గలది తండ్రికి, చిన్నపాదములు గలది కొడుకునకు నని పంచుకొనిరి. తీరచూడగా పెద్దపాదములు కూతురివి, చిన్నపాదములు తల్లివి. ఒప్పందము ప్రకారము తండ్రి కూతురిని, కొడుకు తల్లిని పెండ్లాడిరి. వీరి సంతానమునకు పరస్పరము చుట్టరికమేమని బేతాళుడడిగెను. రాజునకు తోచలేదు. తోచనిది తోచినట్లు పలుకక, మాటలేక నడచెను. బేతాళుడు ఆ నడతకు మెచ్చి, భిక్షువు రాజునే బలియీయ దలచినాడని చెప్పి, తప్పించుకొను నుపాయమును తెలిపెను. ఇరువదిమూడు సమాధానములు గట్టెక్కింపని రాజును, తెలియదను నొక్క మౌనము గట్టెక్కించినది. నెలనెల సాగిన పత్రికాకథలలో రాజు ఎప్పుడును సమాధానము చెప్పుచునే యుండును, శవము ఎప్పుడును చెట్టెక్కుచునే యుండును. బాల్యమునకు అది చాలును. పెద్దవాడు మాత్రము ఆ మౌనమువఱకు నడువవలెను.

నిజమునకు ఆ చిక్కు విప్పరానిది గాదు. వరుసలు చక్కగ దెలిసిన మన ముసలమ్మ యెవరైనను వత్తి చేయుచునే చెప్పగలదు: పుట్టినవారిరువురును మగబిడ్డలైనచో, కూతురి కొడుకు రెండవవానికి పినతండ్రి, తల్లి కొడుకు మొదటివానికి మేనమామ. చిక్కు అక్కడ లేదు. భర్త చచ్చిననాడే భార్యను, తండ్రి చచ్చిననాడే బిడ్డను, మొగములైనను చూడకమునుపే అడుగుల కొలతతో పంచుకొన్నవారి న్యాయమేమి? ఆ యిరువురి మనస్సున నాడు ఏమి గడచెను? ఇది బేతాళుడు అడుగలేదు, రాజు ఎఱుగలేదు. ఒక రాణి వినోదమునకై కూర్చిన గ్రంథమున ఈ ప్రశ్న లేకపోయెను. దానిని అడుగుట మనవంతు.

కావున గృహస్థులకు మేము చేయు మనవి యిది. పుస్తకమును దాచవలదు, దిద్దవలదు, పూజింపవలదు. పిల్లలతో గూర్చుండి చదువుడు. వయసునకు మించిన కథలను వయసు వచ్చువఱకు ఆపుట వివేకమే. అడుగుజాడల కథ ఆఱేండ్లవానికి చెప్పవలసినది గాదు. రాజు సమాధానము చెప్పకమునుపే పుస్తకమును మూయుడు. మీరేమందురని పిల్లల నడుగుడు. తరువాత మఱియొక ప్రశ్న వేయుడు: ఈ కథలో మాటాడనివారెవరు? మగబిడ్డను గూడ ఆ ప్రశ్న యడుగుడు. ఆడుబిడ్డను మాత్రమే యడిగిన సగము పనియే యగును. వారు పాత తీర్పునే చెప్పిన కోపింపవలదు. నేడు చెప్పిన తీర్పునే పదేండ్ల పిమ్మటను చెప్పుదురన్న నియమము లేదు. వారడిగిన దానికి మీకు సమాధానము తోచనియెడల తోచలేదని చెప్పుడు. తల్లిదండ్రుల నోట తెలియదను మాటను వినిన బిడ్డకు, తెలిసినదన్న మాటయందును నమ్మకము కుదురును.

ఇందువలన ఒక కష్టము గలదు, దానిని మఱుగుపఱుపము. ప్రశ్నింప నేర్చిన బిడ్డ కథలవద్దనే ఆగదు. ఇంటిలో మాటాడనివారెవరని చూచును. వంటయింటిలో నున్న మేనత్తను, గుమ్మమువద్ద నిలువబడిన పనివాని కుమారుని, పెండ్లిచూపులలో తలవంచి గూర్చున్న అక్కను చూచును. చూచి మనల నడుగును. ఆనాడు మనకు సమాధానము తెలిసియుండును. తెలిసియు పలుకకుండుటకు వేయి కారణములు మన యొద్ద సిద్ధముగ నుండును. బేతాళుని నియమము అప్పుడు విక్రమార్కునికి గాదు, మనకు. ఈ కష్టమునకు సిద్ధపడినవాడే తన చిన్ననాటి పుస్తకమును బిడ్డల చేతికీయదగినవాడు.